తాత ట్రంకు పెట్టెలో దొరికిన తూటాలు: ఇంట్లో మందు నింపి పరీక్షించుకోవచ్చా?

దేవరకొండ_రైతుబిడ్డ
అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. మా తాతకు డబుల్ బ్యారెల్ 12 బోర్ తుపాకీ ఉండేది, ఆయన పోయాక లైసెన్సు మా నాన్న పేరు మీదికి మార్పించుకున్నాం. పోయిన నెల పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద ట్రంకు పెట్టె ఒకటి దొరికింది. అందులో ఇత్తడి ఖోల్‌లు ఇరవై దాకా ఉన్నాయి, కొన్ని ఖాళీవి, కొన్ని నింపినవి, చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. పక్కనే చేతితో తిప్పే చిన్న ఇనుప సాధనం, కొలత గిన్నె, మూత బిగుసుకుపోయిన మందు డబ్బా. తాత స్వయంగా తూటాలు నింపుకునేవాడట, మా నాన్నమ్మ చెప్పింది.
ఇప్పుడు ఒక్కో తూటా కొనాలంటే ఖర్చు, హైదరాబాద్ పోవాలి. మా మేనబావ ఏమంటాడంటే, అమెరికాలో అందరూ ఇంట్లోనే నింపుకుంటారు, మనమూ నింపి, తుపాకీని ట్రాక్టర్ టైరుకు కట్టి, చింతచెట్టు వెనక నుంచి తాడుతో ట్రిగ్గర్ గుంజి చూద్దాం, పేలకుండా నిలబడితే మంచిదే కదా అంటాడు. నాకైతే మనసు ఒప్పుకోలేదు. తెలిసినవాళ్లు చెప్పండి, నింపిన తూటాను భద్రంగా పరీక్షించే పద్ధతి ఏది? వేటకు కాదు, కాగితం మీద గురి చూసి కొట్టడం నాకు ఇష్టం, అంతే.

ఆర్మరర్_సాబ్
తమ్ముడూ, ముందుగా ఒక పని చెయ్యి. ఆ మందు డబ్బా మూత తీయాలని చూడకు. స్క్రూడ్రైవర్ పెట్టి లేపకు, సుత్తితో తట్టకు, ఎండలో పెట్టకు, బావిలో వేయకు. ఉన్నచోటనే ఉంచి పిల్లలను ఆ గదిలోకి పోనీయకు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.
నేను నల్గొండలో ఉంటాను, పోలీసు ఆయుధాగారంలో ముప్పై ఏళ్లు చేసి రిటైర్ అయ్యాను. నువ్వు అడిగినందుకు సంతోషం, అడగకుండా చేసినవాళ్ల తుపాకులు నా బల్ల మీదికి వచ్చేవి. బ్యారెల్ అరటితొక్క లెక్క విచ్చుకుని ఉండేది. ఆ తుపాకీని పట్టుకున్న ఎడమచెయ్యి ఏమై ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

వకీల్_మిర్యాలగూడ
చట్టం సంగతి నేను చెప్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని పొరపాటుగా అనుకుంటారు. లైసెన్సు ఉన్న తుపాకీయే కదా, తూటా నేను నింపుకుంటే ఏమవుతుంది అని. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ చదవండి. తయారీ, అమ్మకం, మార్పు చేయడం, మరమ్మతుతో పాటు అందులో పరీక్షించడం అనే మాట కూడా ఉంది. వీటికి విడిగా లైసెన్సు కావాలి. మీ నాన్నగారి దగ్గరున్నది తుపాకీ ఉంచుకునే లైసెన్సు, తయారీ లైసెన్సు కాదు. మందుగుండు అంటే చట్టం దృష్టిలో పూర్తయిన తూటా ఒక్కటే కాదు, అందులో పోసే ఛార్జి, దాన్ని తయారు చేసే యంత్రాలు కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి.
శిక్ష మాటకు వస్తే, 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తయారీకి ఏడేళ్లకు తక్కువ కాకుండా యావజ్జీవం వరకు ఉంది. చింతచెట్టు వెనక ఆ తాడు గుంజడం కూడా పరీక్ష కిందికే వస్తుంది. అంటే మీ బావగారు భద్రత కోసం అనుకున్న పనే నేరం.
ఇక దొరికిన సామాను. దాచిపెట్టకండి, రాతపూర్వకంగా పోలీస్ స్టేషన్‌లో తెలియజేసి అప్పగించండి. ఇలాంటి వాటిని దగ్గరి స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయడానికి చట్టంలో 21వ సెక్షన్ ఉంది. కాగితం మీద రసీదు తీసుకోండి. మీరే వెళ్లి చెప్పడానికీ, ఎవరో చెప్తే వాళ్లు రావడానికీ చాలా తేడా ఉంటుంది.

టెక్సాస్_పాలమూరు
వకీలు గారు చెప్పినదానికి తిరుగులేదు. నాది గద్వాల, పద్దెనిమిదేళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నా. ఇక్కడ రీలోడింగ్, అంటే ఖాళీ ఖోల్‌లో మళ్లీ మందు నింపుకోవడం, చట్టబద్ధమైన హాబీ, నేను పదేళ్లుగా చేస్తున్నా. మీ బావ 'అమెరికాలో అందరూ చేస్తారు' అన్నాడు కాబట్టి ఇక్కడ ఎలా చేస్తారో కొంచెం చెప్తాను, చెప్పకపోతే అది ఏదో గిన్నెతో కొలిచి పోసే పని అనుకుంటారు.
ఇక్కడ పరీక్ష అనేది ట్రిగ్గర్ దగ్గర మొదలవదు. బల్ల దగ్గర మొదలవుతుంది. పౌడర్ కంపెనీలు, బుల్లెట్ కంపెనీలు ల్యాబ్‌లో ప్రెషర్ కొలిచి పుస్తకాలు వేస్తాయి. ఏ బుల్లెట్‌కు ఏ పౌడర్ ఎంత, మొదలు ఎక్కడ, గరిష్ఠం ఎక్కడ అని. మేం ఎప్పుడూ గరిష్ఠంతో మొదలుపెట్టం. మామూలుగా దానికి పది శాతం కింద నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతి మెట్టులో కొన్నే కాల్చి, ఖాళీ కేసులు, అంటే ఖోల్‌లు, ఏరి చూస్తాం. ప్రైమర్ (సూది తగలగానే మందును అంటించే అడుగు టోపీ) చదునైపోయిందా, కేసు అడుగున మెరిసే గీత పడిందా, బోల్ట్ ఎత్తడం కష్టమైందా. వీటిలో ఏది కనబడినా ఆగిపోతాం, మిగిలినవి కాల్చం, ఇంటికి తెచ్చి విప్పేస్తాం. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు పెడతాం. అనుకున్నదానికంటే వేగం ఎక్కువ వస్తే ప్రెషర్ కూడా ఎక్కువే ఉందని అర్థం.
ఈ లక్షణాలు కూడా ఆలస్యంగా కనబడతాయని గుర్తుపెట్టుకోండి. .308 రైఫిల్ తూటాకు ఇక్కడి ప్రమాణం 62,000 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్ల ఒత్తిడి. అంత ప్రెషర్ మీ కళ్లకు ఆరేడు అంగుళాల దూరంలో పుడుతుంది. మొదటి తూటా నిలబడింది కాబట్టి రెండోది కూడా నిలబడుతుందని అనుకోవడానికి లేదు, ఎందుకంటే ప్రతి తూటాలో మందు మీరు విడిగా పోశారు.
పౌడర్ తూకాలు మాత్రం ఎవరడిగినా చెప్పను. నా తుపాకీకి సరిపోయింది ఇంకో తుపాకీని పగలగొట్టొచ్చు.

దేవరకొండ_రైతుబిడ్డ
అందరికీ ధన్యవాదాలు. డబ్బాను ముట్టుకోలేదు, గదికి తాళం వేశాను. రేపు నాన్నను తీసుకుని స్టేషన్‌కు పోతాను. కానీ ఒక అనుమానం. తాత నలభై ఏళ్లు నింపుకుని కాల్చాడు కదా, ఆయనకు ఏం కాలేదు. అప్పుడు ఎట్లా కుదిరింది?

ఆర్మరర్_సాబ్
మంచి ప్రశ్న. దీనికి కొంచెం పొడుగ్గా జవాబు చెప్తాను.
మీ తాత కాలంలో పోసింది నల్లమందు. అది పొగ ఎక్కువ, ప్రెషర్ తక్కువ. ఇత్తడి ఖోల్‌లో గిన్నెతో కొలిచి పోసినా, కొంచెం అటూ ఇటూ అయినా ఆ తుపాకీ తట్టుకునేది. ఇప్పుడు ఫ్యాక్టరీ తూటాల్లో ఉండేది పొగలేని మందు. అదే గిన్నెతో దాన్ని కొలిచి పోస్తే ప్రెషర్ ఎన్నో రెట్లు పోతుంది. గిన్నె అదే, ఖోల్ అదే, చెయ్యి అదే, మందు ఒక్కటే మారింది. తుపాకులు పగిలిన కేసుల్లో నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే.
రెండోది తుపాకీ. మీ తాతది ఇంగ్లండ్ తుపాకీ అయితే బ్యారెల్స్ విప్పి అడుగు భాగం చూడాలి, ప్రూఫ్ ముద్రలు, అంటే ఎక్కువ ప్రెషర్‌తో కాల్చి పరీక్షించినట్టు గుర్తులు, ఉంటాయి. నైట్రో ప్రూఫ్ అని ఉంటే పొగలేని మందుకు పరీక్షించారని అర్థం. ఆ ముద్ర లేకపోతే, బ్యారెల్ మీద నీటి అలల లాంటి గీతలు కనబడితే, అది ఇనుము ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికిన డమాస్కస్ బ్యారెల్ కావచ్చు. అలాంటిదానిలో ఇప్పటి తూటా పెట్టొద్దు, ఫ్యాక్టరీది అయినా సరే.
మూడోది ఛాంబర్, అంటే బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు, దాని పొడవు. పాత తుపాకుల్లో చాలావాటికి రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా 70. మోసం ఎక్కడుందంటే, 70 తూటా 65 ఛాంబర్‌లో హాయిగా కూర్చుంటుంది. ఎందుకంటే ఆ 70 అనేది మూతి విచ్చుకున్న తర్వాతి పొడవు. మూతి మడిచి ఉన్నప్పుడు పొట్టిగానే ఉంటుంది. కాల్చినప్పుడు విచ్చుకోవడానికి జాగా లేక ముందున్న సన్నటి భాగంలోకి దూరుతుంది, ఛర్రాలు అందులోంచి ఇరుక్కుని పోవాలి, ప్రెషర్ పెరిగిపోతుంది. 'పట్టింది కదా' అని కాల్చకూడదు.
తాడు గుంజే పరీక్ష గురించి కూడా చెప్పాలి. ఆ రోజు మీ చెయ్యి మిగులుతుంది, నిజమే. కానీ బ్యారెల్‌లో కంటికి కనబడని పగులు పడి ఉండొచ్చు. టైరుకు కట్టినప్పుడు నిలబడిన తుపాకీ రెండోసారి భుజం మీద ఉన్నప్పుడు పగులుతుంది. ప్రూఫ్ పరీక్ష చేసే చోట కాల్చి ఊరుకోరు, ముందూ వెనకా లోపలి కొలతలు తీసుకుంటారు.

అచ్చంపేట_మాస్టారు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అమ్రాబాద్ వైపు ఇంకా నల్లమందు వాసన పోలేదు. పందులు పల్లీ, మక్క చేలల్లో పడి పంటను నాశనం చేస్తాయి, రైతు బాధ నాకు తెలుసు, మా అన్నదీ అదే పరిస్థితి. ఆ కోపంలో కొందరు నాటు బాంబులు, భర్మార్ (మూతి నుంచి మందు కూరే నాటు) తుపాకుల జోలికి పోతారు. నా దగ్గర ఏడో తరగతి చదివిన పిల్లవాడు ఒకడు చేనుగట్టు మీద దొరికిన అలాంటి నాటు బాంబు ఉండను ఏదో అనుకుని కొరికాడు. పిల్లవాడు బతికాడు, కింది దవడ సగం లేదు. ఇప్పుడు వాడికి పంతొమ్మిదేళ్లు. బడికి వచ్చినన్నాళ్లూ మూతికి దస్తీ కట్టుకునే వచ్చాడు.
పెట్టెలో ఉన్నది మందు అని తెలిసీ ఇంట్లో పెట్టుకునేవాళ్లు ఈ మాట చదవాలని రాశాను. ఇంకో విషయం, మాది టైగర్ రిజర్వ్ ప్రాంతం, అడవిలో తుపాకీతో దొరికితే 1972 వన్యప్రాణి చట్టం కేసు కూడా తోడవుతుంది.

టెక్సాస్_పాలమూరు
మాస్టారూ, చదివి కాసేపు ఏం రాయలేకపోయాను.
నా సంగతి ఒకటి చెప్తాను. ఆరేళ్ల కింద, అప్పటికే నాకు రీలోడింగ్ బాగా వచ్చనే ధీమా ఉండేది. తొమ్మిది ఎంఎం పిస్టల్ తూటాలు నింపుతుంటే ఫోన్ వచ్చింది, లేచి మాట్లాడి వచ్చి మళ్లీ కూర్చున్నా. మరుసటి రోజు రేంజ్‌లో కాలుస్తుంటే ఒకటి 'టప్' అంది. చప్పుడు తక్కువ, తన్ను తక్కువ. స్లయిడ్ చేతితో లాగి ఇంకోటి కాల్చబోయాను, వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది కూడా. పక్క బల్ల దగ్గరున్న పెద్దాయన 'ఆగు' అని గట్టిగా అరిచాడు. తుపాకీ విప్పి రాడ్ దూరిస్తే మధ్యలోనే ఆగింది. ఆ తూటాలో పౌడరే లేదు, ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ను తోసి బ్యారెల్ మధ్యలో ఇరికించింది. దాని వెనక ఇంకోటి కాల్చి ఉంటే బ్యారెల్ పగిలేది.
అప్పటి నుంచి నాకు కొన్ని అలవాట్లు స్థిరపడ్డాయి. నింపేటప్పుడు ఫోన్ వేరే గదిలో ఉంటుంది. బల్ల మీద ఒకే పౌడర్ డబ్బా. యాభై కేసులు చెక్క బల్లలో నిలబెట్టి, బుల్లెట్ పెట్టే ముందు టార్చి లైటుతో ఒక్కో కేసులోకి చూస్తా, ఖాళీది గానీ రెండుసార్లు పోసినది గానీ పక్కదానితో పోల్చితే తెలిసిపోతుంది. అనుమానం వచ్చిన తూటా విప్పడమే తప్ప కాల్చడం లేదు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే తుపాకీ మూతి గురి వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగుతా, ఆలస్యంగా పేలేవి ఉంటాయి. చప్పుడు తేడాగా వస్తే చేతిలో పని అక్కడే ఆపి రాడ్ తీస్తా.
ఎండ సంగతి కూడా. కారు డిక్కీలో పెట్టిన తూటాలకు ప్రెషర్ పెరుగుతుంది, చాలా పౌడర్లు వేడికి స్పందిస్తాయి. శీతాకాలంలో పరీక్షించి బాగుందనుకున్నది వేసవిలో గరిష్ఠం దాటొచ్చు. మే నెల నల్గొండ ఎండ గురించి మీకు నేను చెప్పాలా.

పది_మీటర్లు
నేను మహబూబ్‌నగర్‌లో బీటెక్ మూడో సంవత్సరం. రైఫిల్ షూటర్‌ని, జిల్లా స్థాయి వరకు ఆడాను. అన్నా, నీకు కాగితం మీద గురి చూడడమే ఇష్టం అన్నావు కదా. మరి 12 బోర్ ఎందుకు? అది ఛర్రాల తుపాకీ, కాగితం మీద గురికి పుట్టింది కాదు. క్లబ్బుల్లో చాలామంది కాల్చే .22 అయితే ఎక్కడైనా సరే ఇంట్లో నింపుకునే తూటా కాదు. అది రిమ్‌ఫైర్, మంట పుట్టించే పదార్థం అడుగు అంచు చుట్టూ లోపల పూసి ఉంటుంది, ఒకసారి సూది కొట్టిందంటే ఆ ఖోల్ పని అయిపోయినట్టే.
నువ్వు ఎయిర్ రైఫిల్ తీసుకో. 4.5 ఎంఎం, అంటే .177, గుండు శక్తి 20 జూల్స్ లోపు ఉంటే లైసెన్సు అక్కర్లేదు, గుర్తింపు కార్డు, చిరునామా ఆధారం ఇచ్చి కొనుక్కోవచ్చు. పరీక్షించే పిచ్చి నీకుంటే పెల్లెట్లలో, అంటే దాని సీసపు గుండ్లలో, కావలసినంత ఉంది. ఏ డబ్బా ఏ బ్యారెల్‌కు నప్పుతుందో తేల్చడానికి నేను రెండు నెలలు తిరిగాను. మందు లేదు, ప్రైమర్ లేదు, వకీలు గారి అవసరం రాదు.

రైఫిల్_అమ్మ
ఈ బాబు చెప్పింది నిజం. మాది జడ్చర్ల. మా అమ్మాయి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆడుతుంది, పద్నాలుగేళ్లు. వారాంతంలో బస్సెక్కి గచ్చిబౌలి రేంజ్‌కు తీసుకుపోతాను. మొదట్లో నాకు ఈ పెల్లెట్ల గొడవ అర్థం కాలేదు. అన్నీ సీసపు గుండ్లే కదా, ఒక డబ్బాకూ ఇంకో డబ్బాకూ ఏం తేడా అనుకున్నాను. ఆ తేడా నాకు ఎలా తెలిసిందో చెప్తాను.
పది మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చోటు అంటే 0.5 మిల్లీమీటర్ చుక్క. పెన్నుతో పెట్టిన చుక్క అంత. పెల్లెట్ 4.5, చుక్క అర మిల్లీమీటర్. దశాంశాల్లో లెక్క, ఒక్క గుండుకు గరిష్ఠం 10.9, అరవై గుండ్లకు 654. మా పాప 10.3, 10.4 మధ్య కొట్టేది. ఒక్కోసారి మంచిగా పెట్టినా 9.8 పడేది. తన తప్పే అనుకుని ఏడ్చేది. కోచ్ గారు రైఫిల్‌ను బల్లకు బిగించే వైస్‌లో పెట్టి, మనిషి చెయ్యి లేకుండా పది గుండ్లు కాల్చారు. బిగించి కాల్చినా కాగితం మీద రంధ్రం అంచు నుంచి అంచుకు 7.9 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే గుండ్లే అంత దూరం చెదురుతున్నాయి. తప్పు పాపది కాదు. అదే కంపెనీ, అదే బరువు, వేరే బ్యాచ్ డబ్బా పెడితే 5.6 వచ్చింది. ఆ కాగితాన్ని మా అమ్మాయి తన పుస్తకంలో అతికించుకుంది.

దేవరకొండ_రైతుబిడ్డ
అమ్మా, ఇది నాకు బాగా నచ్చింది. ఒకే కంపెనీలో అంత తేడా ఎందుకు వస్తుంది?

రైఫిల్_అమ్మ
పెల్లెట్ తల కొలతలోనే తేడా. 4.48, 4.49, 4.50, 4.51 అని డబ్బా మీద రాసి ఉంటుంది. నూరో వంతు మిల్లీమీటర్. సీసాన్ని అచ్చులో కొట్టి తీస్తారు, అచ్చు అరిగే కొద్దీ, మార్చే కొద్దీ గుండు మారుతుంది. ప్రతి బ్యారెల్‌కూ ఒకటి నచ్చుతుంది, ఏదో ముందే చెప్పలేం, కాల్చి చూడాల్సిందే. రైఫిల్‌కు మామూలుగా 0.53 గ్రాములవి వాడతారు, పిస్టల్‌కు అంతకంటే తేలికవి. నచ్చిన బ్యాచ్ దొరికితే అదే నంబరు డబ్బాలు సీజన్‌కు సరిపడా ఒకేసారి కొని పెట్టుకోవడం మంచిది, నెల తర్వాత పోతే ఆ బ్యాచ్ ఉండదు.
ఇంకోటి చెప్పాలి, ఇది భద్రత సంగతి. మేము పాప కోసం సెకండ్ హ్యాండ్ రైఫిల్ కొన్నాం. గాలి సిలిండర్‌ది. అమ్మినాయన అంతా బాగుందన్నాడు. కోచ్ గారు సిలిండర్ తిప్పి దాని మీద ముద్రించిన తేదీ చూశారు, పదేళ్ల గడువు దాటి ఏడాదిన్నర. అందులో 200 బార్ గాలి నింపుతారు, కారు టైరులో ఉండేదానికి దాదాపు వంద రెట్లు. మా పాప చెంప ఆనించే చోటికి జానెడు దూరంలో ఉంటుంది ఆ సిలిండర్. ఆ రోజే పక్కన పెట్టేసి కొత్తది కొన్నాం, ఖర్చు బాగానే అయింది. సెకండ్ హ్యాండ్ కొనే తల్లిదండ్రులు ముందు తేదీ చూడండి, తర్వాతే ధర మాట్లాడండి.

ఆర్మరర్_సాబ్
అమ్మా, మంచి మాట చెప్పారు. దానికి ఒకటి కలుపుతాను. సిలిండర్‌లో పొడి గాలి తప్ప ఇంకేదీ నింపకూడదు. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ ఉంది కదా, అది కూడా గాలే కదా అని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయండి. అంత ప్రెషర్‌లో ఆక్సిజన్‌కు కొంచెం గ్రీజు తగిలినా మండి పేలుతుంది. నింపేటప్పుడు కూడా నెమ్మదిగా నింపాలి, వేడెక్కనీయొద్దు.

పది_మీటర్లు
నేను చేసిన తప్పు కూడా చెప్తాను, రైతుబిడ్డ అన్న స్ప్రింగ్ రైఫిల్ (సిలిండర్ బదులు లోపలి స్ప్రింగ్ గాలిని నలిపేది) కొంటాడేమో కాబట్టి. వైస్‌లో బిగించి పరీక్షించడం గాలి సిలిండర్ రైఫిల్‌కు సరిపోతుంది. నా మొదటి రైఫిల్ స్ప్రింగ్‌ది. దాన్నీ వైస్‌లో గట్టిగా బిగించి కాల్చాను. రంధ్రాలు రెండు అంగుళాలు చెదిరాయి. ఆరు రకాల పెల్లెట్లు మార్చాను, డబ్బులు పోయాయి. స్ప్రింగ్ రైఫిల్ కాల్చినప్పుడు ముందుకూ వెనక్కూ రెండుసార్లు తంతుంది, గుండు ఇంకా బ్యారెల్‌లో ఉండగానే. గట్టిగా బిగిస్తే ఆ కదలిక ప్రతిసారీ ఒకలా ఉండదు. ఇసుక సంచి మీద అరచెయ్యి పెట్టి, అరచేతిలో రైఫిల్ ఊరికే ఆనించి, గట్టిగా పట్టుకోకుండా కాల్చాలి. అలా చేస్తే అవే పెల్లెట్లు అంగుళం లోపు వచ్చాయి.
లోపల నూనె పోయొద్దు. స్మూత్‌గా ఉంటుందని నేను కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేశాను, కాల్చగానే పొగ వచ్చి 'ఫట్' అని పెద్ద చప్పుడైంది. లోపల గాలి ఒక్కసారిగా నలిగి వేడెక్కి ఆ నూనెను అంటించింది. సీలు పోయింది. ఎయిర్ రైఫిల్‌లో కూడా పేలుడు ఉంటుందని ఆ రోజు తెలిసింది.

వకీల్_మిర్యాలగూడ
20 జూల్స్ అన్నారు కాబట్టి, లెక్క ఎలా చూసుకోవాలో ఎవరైనా రాస్తే బాగుంటుంది. స్ప్రింగ్ మార్పించి పవర్ పెంచుకుంటామని కొందరు అడుగుతుంటారు. ఆ గీత దాటితే అది లైసెన్సు కావలసిన ఆయుధం అవుతుంది.

పది_మీటర్లు
సులువే సార్. బరువు కిలోల్లో, వేగం సెకనుకు మీటర్లలో పెట్టుకుని, వేగాన్ని వేగంతో గుణించి, బరువుతో గుణించి సగం చేయాలి. 0.53 గ్రాముల పెల్లెట్ 170 మీటర్ల వేగంతో పోతే 7.66 జూల్స్. మ్యాచ్ రైఫిళ్లు దాదాపు అక్కడే ఉంటాయి. పది మీటర్లకు అంతకంటే అక్కర్లేదు, బీజింగ్‌లో 2008లో అభినవ్ బింద్రా బంగారం, లండన్‌లో 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఇలాంటి ఎయిర్ రైఫిళ్లతోనే. పవర్ పెంచితే గురి కుదురుతుందని అనుకోవద్దు, స్ప్రింగ్ రైఫిల్‌లో అయితే ఇంకా చెడుతుంది.

దేవరకొండ_రైతుబిడ్డ
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. స్టేషన్‌లో మొదట నాన్న భయపడ్డాడు, నేనే మాట్లాడాను. మందు డబ్బా మీరు తేవద్దు, మేమే వస్తామని చెప్పి వచ్చి తీసుకుపోయారు. తూటాలు లెక్కపెట్టి రాసుకుని రసీదు ఇచ్చారు. ఖాళీ ఖోల్‌లు, సాధనం కూడా ఇచ్చేశాం. నాన్నమ్మ ఆ గిన్నెను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది, తర్వాత ఆమే తీసుకొచ్చి ఎస్సై గారికి ఇచ్చింది.
తుపాకీని లైసెన్సు ఉన్న గన్‌స్మిత్‌కు చూపించాం. నైట్రో ముద్ర ఉంది, కానీ ఛాంబర్ 65. సాబ్ చెప్పకపోతే మేం 70 తూటాలే తెచ్చేవాళ్లం, షాపులో అవే చూపించారు. బ్యారెల్‌లో ఒకచోట గుంతలు పడ్డాయట, ప్రస్తుతం కాల్చొద్దన్నాడు. తుపాకీ బీరువాలోనే ఉంది.
నేను స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ కొన్నాను. పశువుల కొట్టం వెనక పది మీటర్లు టేపు పెట్టి కొలిచాను. గోడ రాతిది, గుండు వెనక్కి తిరిగి వస్తుందని భయం వేసి, చెక్క పెట్టెలో పాత బట్టలు కుక్కి, వెనక ఇనుప రేకు వంపుగా పెట్టి ముందు కాగితం అతికించాను. ఇది సరేనా? కళ్లకు బైక్ నడిపేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాలు పెట్టుకుంటున్నా. నాలుగు రకాల పెల్లెట్లు, ఇసుక సంచి మీద ఒక్కో రకం పది గుండ్లు మూడుసార్లు. అంచు నుంచి అంచుకు 31, 24, 38, 19 మిల్లీమీటర్లు. 19 వచ్చింది 4.50 తలది. ఆ కాగితం నాన్నకు చూపిస్తే ఇంకోసారి కాల్చు, నేను చూస్తా అన్నాడు.

ఆర్మరర్_సాబ్
బాబూ, రసీదు సంగతి చదివి మనసు కుదుటపడింది. పెట్టె బాగుంది, కానీ రేకును నిలువుగా కాకుండా గుండు కిందికి జారేలా వంచు. రెండు వైపులా కూడా చెక్క ఎత్తు పెంచు, కొట్టం కాబట్టి పశువులు, పిల్లలు పక్క నుంచి వస్తారు. కాల్చేటప్పుడు ఒక మనిషి నీ వెనకే నిలబడి అటు ఎవరూ రాకుండా చూసుకోవాలి. బైక్ కళ్లద్దాలు పక్కల నుంచి తెరిచి ఉంటాయి, మూసుకుపోయే ప్లాస్టిక్ కళ్లద్దాలు ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతాయి, తక్కువే.

రైఫిల్_అమ్మ
చేతులు సబ్బుతో కడుక్కోవడం మరిచిపోకు నాన్నా, అవి సీసపు గుండ్లు. పెల్లెట్లు నోట్లో పెట్టుకునే అలవాటు కొందరికి ఉంటుంది, అస్సలు వద్దు. కాల్చిన తర్వాత కింద పడ్డవి ఏరి డబ్బాలో పెట్టు, కోళ్లు తింటాయి.

పది_మీటర్లు
అన్నా, 19 అంటే స్ప్రింగ్ రైఫిల్‌కు, ఓపెన్ సైట్‌తో చాలా మంచిది. ఆ డబ్బా బ్యాచ్ నంబరు ఫొటో తీసి పెట్టుకో. వచ్చే ఆదివారం మహబూబ్‌నగర్ వస్తావా, నా దగ్గర 4.49, 4.51 రెండూ తెరిచిన డబ్బాలు ఉన్నాయి, నీ రైఫిల్‌లో పదేసి కాల్చి చూద్దాం. నాన్నను కూడా తీసుకురా.

దేవరకొండ_రైతుబిడ్డ
వస్తాం తమ్ముడూ. నాన్న ఇప్పటికే బస్సు టైమ్ అడుగుతున్నాడు. రైఫిల్ సంచిలో పెట్టి, బిల్లు కాపీ వెంట తెస్తాను.